నీడ కొలిచిన నూలు

మార్చి 1

ఉదయం చెల్లెలు స్తోయ్కా వచ్చి నా మణికట్టుకు ఎర్రనూలు, తెల్లనూలు కలిపి పేనిన మార్చి దారం కట్టింది. యాభై దాటినవాడికి, అందులోనూ మ్యూజియం సంరక్షకుడికి, ఇది తగదని ఏటా తెలిపే అభ్యంతరం ఈ ఏడు కూడా తెలిపాను.

"చెయ్యి చాపు అన్నయ్యా. నీ అభ్యంతరం తర్వాత వింటాలే" అని ఏటా ఇచ్చే జవాబే ఇచ్చింది.

తొలి కొంగ కనబడేదాకా ఉంచుకోవాలి. ఉంచుకుంటాను.

మధ్యాహ్నం పాత రైలు సొరంగ పునఃప్రారంభ సంఘం తొలి సమావేశం. అధ్యక్షుడు వెలిజార్. అతడు మన ఊరి ఉపమేయరు, నా చెల్లెలి భర్త. మొదటి హోదా ఎన్నికల వల్లా, రెండవది నేను సైన్యంలో ఉండగా నా పరోక్షంలోనూ సంభవించాయి. రెండింటిలోనూ నా ఓటు లేదు. నన్ను చారిత్రక సత్యానికి బాధ్యుడైన సభ్యుడిగా నియమించారు. వేతనం లేదు. సత్యానికి వేతనం లేకపోవడం సముచితమే.

మే 6న, జార్జి పండుగ నాడు, సొరంగాన్ని సందర్శకులకు తెరవాలని, దాని నోటి పక్క గోడకు పాలరాతి ఫలకం బిగించాలని తీర్మానించడమైనది. ఫలకం మీద "ఫోర్‌మన్ పెత్కో నాయకత్వాన ఈ కొండను జయించిన వీరులు" అని, దిగువన పేర్లు. పెత్కో, వెలిజార్‌కు తండ్రి. పేర్లలో మా నాన్న గాంచో మేస్త్రి పేరు లేదు.

లేచి అడిగాను.

"ఇది కట్టినవాళ్ల ఫలకం బావా," అన్నాడు వెలిజార్, గింజలు నములుతూ. "మీ నాన్నగారు కట్టడం పూర్తిచెయ్యలేదు కదా. మధ్యలో పోయారు."

"కడుతూనే పోయాడు. మీ నాన్న కమాను కింది దన్ను దుంగలు ముందుగా తీయించాడు కనుక పోయాడు."

"నివేదికలో వ్యక్తిగత అజాగ్రత్త అని ఉంది మరి."

"ఆ నివేదిక రాసిందే మీ నాన్న."

"అందుకే నమ్మాలి. అక్కడున్నవాడు రాశాడు. నువ్వున్నావా?"

నా ప్రతిపాదనకు అనుకూలంగా ఒక ఓటు వచ్చింది, అది నాది. వ్యతిరేకంగా మిగిలినవన్నీ. ప్రతిపాదన ఏకగ్రీవంగా వీగిపోయినట్టు నమోదైంది.

మార్చి 2

నిద్ర బాగా పట్టింది. వెలిజార్ గురించి ఆలోచించలేదు.

మార్చి 3

వెలిజార్ గురించి ఆలోచించలేదు.

మార్చి 6

సొరంగ పరిశీలన. హాజరైనవారు: వెలిజార్, నేను, లాంతరుతో తాపీ మేస్త్రి దోయ్చిన్. ఆ రోజుల్లో మా నాన్నతో పని చేసినవారిలో ఇంకా బతికున్నది ఈయన ఒక్కడే. బతకడం తప్ప వేరే సుగుణం ఆయనలో ఎవరూ కనిపెట్టలేదు.

పట్టాలు లేవు. రైలు ఆగిపోయిన ఏడాదే సహకార సంఘం వాటిని పాత ఇనుముకు అమ్మి, సొరంగంలో పుట్టగొడుగులు పెంచింది. పుట్టగొడుగులు దివాలా తీశాక గొర్రెలు వచ్చాయి. గొర్రెల తర్వాత ప్రజాస్వామ్యం వచ్చింది, ఇక లోపలికి ఎవరూ రాలేదు. కమాను మీద ఇంజన్ల మసి ఇంకా ఉంది. వేలితో గీస్తే వేలికి అంటుకుంది. చేయి కడుక్కోలేదు.

గోడలో వరసగా గూళ్లు ఉన్నాయి, రైలు వచ్చినప్పుడు పనివాళ్లు ఒదిగి నిలబడడానికి. ఒక గూటి పైన రాయి రంగు మారుతుంది. అక్కడ. మా నాన్న పోయిన ఏడు, కమ్యూనిస్టు పార్టీవారి సెప్టెంబరు పండుగకు మంత్రిగారి రైలు రావాలి. కమానులో సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. పెత్కో దుంగలు తీయించాడు. పడినవి కొన్ని రాళ్లే. మా నాన్నకు సరిపడా పడ్డాయి, పండుగ ఆగేంత పడలేదు. తోపుడు బండి మీద వేసి తూర్పు నోటి నుంచి తీసుకుపోయారు. పడమటి నోటి దగ్గర బ్యాండు వాయిస్తోంది. నాకప్పుడు ఏడేళ్లు. చేతిలో కాగితం జెండా ఉంది. ఊపాను. ఇది ఊరందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఎక్కడా రాయలేదు.

వెలిజార్ ఆ గూట్లో నిలబడి ఫొటో తీయించుకున్నాడు. "ఇక్కడే కదా బావా? పాపం, కాస్త తొందరపాటు మనిషి" అన్నాడు. గబ్బిలం ఒకటి అతని కోటు మీద తన అభిప్రాయం తెలియజేసింది. నేను తెలపలేదు.

బయటికి వచ్చాక దోయ్చిన్ ఎడమ పక్క గోడను సుత్తితో తట్టి పెదవి విరిచాడు. "ఉబ్బింది. విప్పి కట్టాలి. కట్టినా నిలవదు నాయనా, దీనికో నీడ కావాలి."

"నీడ కావాలంటే చెట్టు నాటించు మామా!" అని వెలిజార్ తన జోకుకు తానే నవ్వుకుంటూ కారెక్కాడు. కారు వెళ్లిపోయాక దోయ్చిన్ నాకు వివరించాడు. ఎండలో నిలబడ్డ మనిషి నీడను, అతడికి తెలియకుండా, నూలుతో కొలవాలి. ఆ నూలును గోడలో పెట్టి కట్టెయ్యాలి. నలభై రోజుల్లో మనిషి పోతాడు. గోడ ఉంటుంది.

"మీ నాన్న రోజుల్లో పార్టీవాళ్లు ఈ పద్ధతి ఒప్పుకోలేదు," అన్నాడు. "అందుకే సొరంగం తనకి కావలసింది తనే తీసుకుంది."

మూఢనమ్మకాల నిర్మూలన మీద ప్రతి శరత్తులోనూ పఠనమందిరంలో ఉపన్యసించేది నేనేనని ఆయనకు గుర్తు చేశాను. నీడ ఏ వేళ కొలవాలో కూడా అడిగి తెలుసుకున్నాను, ఉపన్యాసంలో చేర్చడానికి.

మార్చి 9

స్తోయ్కా ఇంటికి వెళ్లి ఆమె నూలు బుట్టలోంచి ఎర్రనూలు కొంత తీసుకున్నాను. ఇది జానపద విజ్ఞాన ప్రయోగం. ప్రయోగాలకు వ్యక్తిగత ద్వేషంతో సంబంధం ఉండరాదు. నాకు లేదు.

వెలిజార్ నాన్న చనిపోతూ కూడా మంచం మీదే చనిపోయాడు, దుప్పటి కప్పుకుని.

మార్చి 12

మబ్బు.

మార్చి 14

ఎండ కాసింది. వెలిజార్ ఇంటి నుంచి కారులోకి, కారులోంచి కార్యాలయంలోకి, కార్యాలయం నుంచి భోజనశాల పందిరి కిందికి కదిలాడు. ఈ మనిషి ఎన్నికైన నాటి నుంచి ఎండలో నిలబడలేదు. ప్రజాధనం మీద బతికేవారికి నీడ కూడా పడదన్నమాట.

మార్చి 17

సొరంగం ముందు సంఘ సభ్యుల ఫొటో. ఆకాశం నిర్మలం. స్తోయ్కా జున్ను కూరిన బనిత్సా పళ్లెంతో వచ్చింది. ఫొటోగ్రాఫరు ఆమెను మా ఇద్దరి మధ్యా నిలబెట్టాడు. కుటుంబ ఐక్యత బాగా వస్తుందన్నాడు.

ఫొటో అయ్యాక వెలిజార్ తన భార్య పక్కనే నిలబడి తింటూ ఉండగా, నేను అతని వెనక మోకాళ్ల మీద కూర్చుని నేల మీది నీడకు మడమ నుంచి తల దాకా నూలు పరిచాను. తెంపుతుండగా వెనక్కి తిరిగాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"సమాచార ఫలకానికి కొలత."

"ఓహో."

తర్వాత స్తోయ్కా నాకూ ఒక ముక్క పెట్టింది. ఆమెతో మాట్లాడుతూ తిన్నాను. ఉప్పు సరిపోయింది. తిరిగి చూస్తే వెలిజార్ నా వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో తెల్లనూలు ఉంది.

"ఏం చేస్తున్నావు బావా?" అన్నాను.

"రిబ్బనుకి కొలత."

"ఓహో."

ఇన్నేళ్లలో మా మధ్య ఇంత మర్యాదగా సంభాషణ జరగలేదు. సంఘం పనిని అతడు ఇంత శ్రద్ధగా పట్టించుకోవడం కూడా ఇదే మొదటిసారి.

మార్చి 18

నూలు చుట్టి, ఒక సీసా రకియా సారాతో పాటు దోయ్చిన్‌కు ఇచ్చాను.

"ఎవరిదని అడగను. అడిగితే పని చెయ్యదు" అన్నాడు. ఫలకం వచ్చే చోటు వెనకనే పెడతావా అంటే మా ఊరి పద్ధతిలో ఒప్పుకోలుగా తల అడ్డంగా ఊపాడు. ఆయన అరుగు మీద అప్పటికే ఇంకొక సీసా ఉంది, ఖరీదైనది, ఉపమేయర్లు తాగే స్థాయిది. ముసలివాళ్లకు ఎవరెవరో ఇస్తుంటారు.

పెత్కో కొడుకు పెత్కో ఫలకం కిందే ఉంటాడు. దీనిలో ఒక క్రమం ఉంది. నాకు క్రమం ఇష్టం.

మార్చి 25

ఊళ్లో ఎవరు పోయినా తలుపుల మీదా స్తంభాల మీదా అతికించే మరణ ప్రకటన రాసేది నేనే. ముందుజాగ్రత్తగా ఒక ముసాయిదా తయారు చేశాను. "మా ప్రియమైన వెలిజార్ మనలను విడిచి వెళ్లినట్లు తీవ్ర విచారంతో తెలియజేయడమైనది." తేదీ, ఒక సద్గుణం తప్ప అంతా పూర్తయింది.

చెల్లెలు విధవ అవుతుందన్న అంశం తోచకపోలేదు. ఈ దఫా ఎజెండాలో చేర్చలేదు.

మార్చి 28

సద్గుణం: భోజనప్రియుడు.

ఏప్రిల్ 3

కొంగ కనబడింది. మార్చి దారం విప్పి స్తోయ్కా పెరట్లో మొగ్గలేసిన ప్లమ్ చెట్టుకు కట్టాను. స్తోయ్కా దగ్గుతోంది. చలి కాబోలు.

ఏప్రిల్ 8

ఆదివారం స్తోయ్కా ఇంట భోజనం. వెలిజార్ రెండు పళ్లేల బీన్సు పులుసు, మాంసం, రొట్టె, మళ్లీ మాంసం తిన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఇంత ఆరోగ్యం బాధ్యత గల పౌరుడికి ఉండకూడదు.

స్తోయ్కా చెంచా ముట్టలేదు. "ఏమో అన్నయ్యా, ఈ మధ్య ఆకలే లేదు. ఒంట్లోంచి ఏదో జారిపోతున్నట్టుంది" అంది.

ఏప్రిల్ 10

ఫొటోలు వచ్చాయి. భూతద్దం పెట్టి చూశాను. స్తోయ్కా వెలిజార్‌ను ఆనుకుని నిలబడి ఉంది. ఎండ పక్కగా పడుతోంది. నేల మీద వాళ్లిద్దరికీ భుజాల నుంచి కిందికి ఒకటే నీడ.

నేను కొలిచింది ఎవరిని?

ఏప్రిల్ 11

దోయ్చిన్ దగ్గరికి వెళ్లి నూలు తీసెయ్యమన్నాను.

"ఎలా నాయనా? సున్నం పట్టేసింది. పైన పాలరాయి బిగించేశారు. రాయి కదపాలంటే మీ బావ సంతకం కావాలి."

చారిత్రక పరిశీలన నిమిత్తం ఫలకాన్ని తాత్కాలికంగా తొలగించుటకు అనుమతి కోరుతూ వెలిజార్‌కు దరఖాస్తు చేశాను. చదివి తెల్లబోయాడు. "ఆ రాయి జోలికి వెళ్లకు బావా" అన్నాడు. దరఖాస్తును తలకిందులుగా ఫైలులో పెట్టాడు. ఏమైందని అడిగితే స్తోయ్కా గురించి బెంగ అన్నాడు. భార్య గురించి బెంగపడటం అతని అధికార పరిధిలోని విషయమే. అయినా ఇన్నాళ్లు ఆ అధికారం వాడినట్టు దాఖలా లేదు.

ఏప్రిల్ 20

జిల్లా ఆసుపత్రి డాక్టరు వచ్చి ఏ రోగమూ లేదన్నాడు. అన్ని రోగాల్లోకీ ఇది ప్రమాదకరమైనది.

స్తోయ్కా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అన్నయ్యా, నా నూలు బుట్టలో ఎర్రది తగ్గింది. నువ్వేమైనా చూశావా?"

"పిల్లి పని అయ్యుంటుంది."

"తెల్లది కూడా తగ్గింది."

"అదే పిల్లి."

"రెండు రంగుల మీదా మనసుపడ్డ పిల్లా!" అని దుప్పటి మొహం మీదికి లాక్కుంది. భుజాలు కదిలాయి. దగ్గు అణుచుకుంటోంది కాబోలు. మంచి మందు పేరేదో చెప్పి వచ్చేశాను.

ఏప్రిల్ 22

ఇంకో కాగితం తీసుకున్నాను. "మా ప్రియమైన స్తోయ్కా" అని రాశాను. సద్గుణాలు వాటంతటవే వచ్చాయి, కాగితం చాలలేదు.

పొయ్యిలో వేశాను.

ఏప్రిల్ 26

రేపటితో గడువు.

పూర్తిగా రాయాలి. కుడిచేతి రెండు వేళ్లు వాచాయి కనుక అక్షరాలు బాగుండవు.

ఊరంతా చౌరస్తాలో బ్యాండు సాధన వింటోంది. నేను ఉలి, సుత్తి కోటు కింద పెట్టుకుని సొరంగానికి వెళ్లాను. అక్కడ వెలిజార్ ఉన్నాడు. కోటు విప్పి కొమ్మకు తగిలించాడు. గునపంతో ఫలకాన్ని ఒక పక్క అప్పటికే లేపాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, చొక్కా తడిసి, నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్లకు ఎండలో దొరికాడు. నా దగ్గర నూలు లేదు.

"ఏం చేస్తున్నావు బావా?" అన్నాను.

"రిబ్బనుకి..." అని ఆగాడు. "నువ్వు?"

"సమాచార ఫలకానికి."

ఇద్దరం చెరో పక్కన పట్టాం. పాలరాయి జారి పడి రెండు ముక్కలైంది, సరిగ్గా పెత్కో పేరు మధ్య నుంచి. నేను సంతోషించలేదని చెప్పలేను. సున్నం గీకి రాయి ఊడదీస్తే వెనక బొరియ ఉంది. అందులో ఎర్రనూలు ఉండ ఒకటి, తెల్లనూలు ఉండ ఒకటి, పక్కపక్కనే ఉన్నాయి.



"ఎర్రది నాది," అన్నాను.

"నీదంటే? నీ నీడా?"

"నీది. తెల్లది?"

"నీది బావా," అన్నాడు.

ముందు ఎవరు కొట్టారన్నది వివాదాస్పదం. నేనే అని గుర్తు.

"నేను పోతే నీ చెల్లెలు విధవ అవుతుందని తట్టలేదట్రా నీకు!" అని అరిచాడు, నా మెడపట్టీ పట్టుకుని.

"నేను పోతే నీ పెళ్లాం ఏడుస్తుందని నీకు తట్టిందా?"

"ప్రతి మీటింగులో లేస్తావు. మీ నాన్న, మీ నాన్న, మీ నాన్న! నా అన్నంలో రాయివి నువ్వు. మా నాన్న ఏం చేశాడో నాకు తెలియదనుకున్నావా? తాగినప్పుడల్లా చెప్పి ఏడ్చేవాడు!"

"తెలిసే రాయించావా వీరుడని?"

"తెలిసే! వేరేవాళ్లు ఇంకేదైనా రాయకముందే!"

అతని నోట్లో సున్నం కుక్కుతుండగా వెనక నుంచి మాట వినిపించింది.

"పిల్లులు దొరికాయి."

స్తోయ్కా. కాలిదారి ఎక్కి వచ్చినా రొప్పు లేదు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. వెనక దోయ్చిన్ యాపిల్ కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"నీకు... ఒంట్లో..." అన్నాడు వెలిజార్.

"బాగానే ఉంది. మొదటి నుంచీ బాగానే ఉంది. అన్నం మీరిద్దరూ వెళ్లాక తినేదాన్ని."

"నువ్వు చెప్పావా మామా?" అని దోయ్చిన్‌ను అడిగాను.

"ఒక పళ్లెం బనిత్సా పెట్టింది. ఎలా దాస్తాను?"

"ఇద్దరి దగ్గరా పుచ్చుకున్నావు!"

"ఇద్దరూ అడిగారు. కాదనడానికి నేనెవణ్ణి? పైగా రెండు నీడలుంటే గోడ ఇంకా గట్టిగా ఉంటుంది" అని గోడ వైపు చూసి నిట్టూర్చాడు. "మంచి గోడ. పాడుచేశారు."

స్తోయ్కా రాతి మీద కూర్చుంది. రెండు ఉండలూ విప్పి, దులిపి, మోకాలి మీద పెట్టి అరచేత్తో పేనడం మొదలుపెట్టింది. ఏటా ఫిబ్రవరి చివర ఎలా పేనుతుందో అలాగే, తొందర లేకుండా.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు వెలిజార్.

"చూడు. ఏది ఎవరిదో ఇక విడదీయలేరు. ఒకడు పోతే రెండోవాడు తోడు పోతాడు." ఆ దారం తన మణికట్టుకు చుట్టి పళ్లతో ముడి బిగించింది. "రాయి ఎలాగూ పగిలింది. కొత్తది చెక్కించండి. పైన నాన్న పేరు. ఎలా పోయాడో కూడా. దాని కింద మామగారి పేరు, ఆయన చేసిన పనితో సహా."

"చెక్కించకపోతే?"

"దోయ్చిన్ మామ దగ్గర సున్నం ఇంకా ఉంది."

దోయ్చిన్ ఉందన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"స్తోయ్కా, ఇన్నేళ్లూ నాన్న కోసం అడిగింది నేను," అన్నాను. ఈ విషయం నమోదు కావాలి.

"అడిగావు. బ్యాండు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డవాడివి, నువ్వే అడగాలి," అంది, నా వైపు చూడకుండా. "నేను అమ్మ చెయ్యి పట్టుకుని తూర్పు నోటి దగ్గరున్నాను. బండి మీద గుడ్డ చాల్లేదు. కాళ్లు బయటికే ఉన్నాయి. దుంగలు తీయించిన ఆ మనిషి ఇంటికే కోడలిగా వెళ్లి, ఆయన మంచాన పడ్డప్పుడు రోజూ ఆ కాళ్లకి దుప్పటి కప్పాను. కప్పినప్పుడల్లా చెప్పాను, మా నాన్నకి చాల్లేదు అని. ప్రతిరోజూ. పోయేదాకా."

వెలిజార్ చొక్కాతో మూతి మీది సున్నం తుడుచుకున్నాడు. నేను రుమాలు ఇచ్చాను.

నేను పగబట్టాననుకుని బతికిన కాలమంతా మా ఇంట్లో ఆ పని చేస్తున్నది వేరేవాళ్లని ఈ రోజు తెలిసింది.

ఏప్రిల్ 28

సంఘం అత్యవసర సమావేశం. ఫలకంపై వాక్యాన్ని సవరించాలని అధ్యక్షుడు వెలిజార్ స్వయంగా ప్రతిపాదించాడు. కింది పెదవి వాచి ఉంది. నేను బలపరిచాను. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఈసారి నిజంగానే.

మే 6

జార్జి పండుగ. ప్రతి పెరట్లోనూ గొర్రెపిల్ల మాంసం కాలుతున్న వాసన. ఎండ మండిపోతోంది.

ఫలకం మీది గుడ్డ లాగి, రాత చదివే బాధ్యత అధ్యక్షుడిది. వెలిజార్ చదివాడు: "గాంచో, తాపీ మేస్త్రి. సున్నం పచ్చిగా ఉండగానే కమాను కింది దుంగలు తీసివేసినందున ఈ సొరంగంలో మరణించెను. తీయించినవాడు ఫోర్‌మన్ పెత్కో." తండ్రి పేరు దగ్గర గొంతు తగ్గించాడు. జనం వినబడలేదన్నారు. మళ్లీ చదివాడు. వినబడలేదన్నవారిలో నేనూ ఉన్నాను.

మబ్బు తునక లేని ఆకాశం కింద అతడూ నేనూ గొడుగులు వేసుకుని నిలబడటం గురించి పక్క ఊరి పత్రిక విలేఖరి ప్రశ్నించాడు. ఇద్దరం ఒకేసారి "ఆరోగ్య కారణాలు" అన్నాం. మా మధ్య స్తోయ్కా గొడుగు లేకుండా ఎండలో నిలబడింది. ఊళ్లో ప్రతి పొగగొట్టం మీదా కొంగలు గూళ్లు కట్టాయి. ఆమె మణికట్టు మీది దారం విప్పలేదు.

బ్యాండు వాయించింది. ఈసారి తూర్పు నోటి దగ్గర. అది ఆమె షరతు.

మే 9

మరణ ప్రకటన ముసాయిదా చింపలేదు, సొరుగులో భద్రపరిచాను. తేదీ ఒక్కటే ఖాళీ. అయితే ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా దాని కింద నా పేరు కూడా చేర్చవలసి ఉంటుంది కనుక, వెలిజార్ ఆరోగ్య స్థితిని ప్రతి ఉదయం ఆరా తీయడం నా విధుల్లో చేర్చుకున్నాను.

ఈ ఉదయం దగ్గాడట.

తేనె పంపాను.